బాప్తిస్మం తీసుకోకుండా పోయిన మనిషికి రక్షణ ఉన్నట్టా, లేనట్టా?

తార్నాక వాసి | ఆదివారం రాత్రి 9:50

అందరికీ వందనాలు. ఒక విషయం చాలా రోజులుగా మనసులో నలుగుతోంది. పెద్దలెవరైనా చెబుతారని రాస్తున్నాను. నాకు బాగా తెలిసిన ఒకాయన 22 ఏళ్ళు ఆదివారం మానకుండా ఒకే సంఘానికి వెళ్ళారు. బైబిలు చదివేవారు, ప్రార్థన చేసేవారు, జీతం వచ్చిన వారమే దశమభాగం కవర్లో పెట్టి ఇచ్చేవారు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. బాప్తిస్మం పొందినవాళ్ళు తీసుకునే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం రొట్టె పళ్ళెం తన దాకా వస్తే రెండు చేతులతో పట్టుకుని పక్కవాళ్ళకు అందించేవారు. పోయిన నెలలో చనిపోయారు. బాప్తిస్మం లేదు కాబట్టి రక్షణ లేదు, రక్షణ లేని మనిషికి సంఘం తరఫున భూస్థాపన చేయలేం, సమాధుల తోటలో చోటు కూడా ఇవ్వలేం అన్నారు పాస్టరుగారు. నల్గొండ వైపు సొంతూరికి తీసుకెళ్ళి పొలం గట్టున పెట్టుకున్నారు.

ఇప్పుడు రాయి వేయించాలి. దాని మీద 'ప్రభువునందు నిద్రించెను' అని రాయించవచ్చా? ఇంట్లో ఒకరు రాయించాల్సిందే అంటున్నారు. ఒకరు అలా రాస్తే అబద్ధమవుతుంది అంటున్నారు. వాక్య ప్రకారం చెప్పండి.

మల్కాజిగిరి సిస్టర్ | రాత్రి 10:05

ఆ కుటుంబాన్ని దేవుడు ఆదరించును గాక. ఆమేన్.

వాక్యమే ఆధారం | రాత్రి 10:41

బ్రదర్, వాక్య ప్రకారం అడిగారు కాబట్టి అలాగే చెబుతాను, నొచ్చుకోకండి. క్రీస్తు తిరిగి లేచాక వచ్చిన పెంతెకొస్తు పండగ రోజున జనం గుండెల్లో నొచ్చుకుని 'మేమేమి చేతుము' అని అడిగారు. పేతురు ఏమన్నాడు? 'మీరు మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తము ప్రతివాడు యేసుక్రీస్తు నామమున బాప్తిస్మము పొందుడి.' అపొస్తలుల కార్యములు 2:38. ఆ 'నిమిత్తము' అనే మాట మీద వేలు పెట్టి చదవండి. క్షమాపణ దొరికింది కాబట్టి బాప్తిస్మం పొందండి అనలేదు. క్షమాపణ కోసం పొందండి అన్నాడు. మార్కు 16:16లో ప్రభువే 'నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును' అన్నాడు. నమ్మడం ఒక్కటే చాలితే రెండో మాట ఎందుకు పెట్టాడు?

ఫిలిప్పీలో చెరసాల నాయకుడు తెల్లారేదాకా కూడా ఆగలేదు. అర్ధరాత్రి భూకంపం, ఆ గడియలోనే బాప్తిస్మం. మీరు చెప్పినాయనకు 22 ఏళ్ళు టైం దొరికింది. పాస్టరుగారు తప్పు చేశారని నేను అనను. ప్రభువు పక్కన సిలువ మీద ఉన్న దొంగ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు, దానికీ జవాబుంది.

నిశ్చయత | రాత్రి 11:12

దొంగ సంగతి నేనే ఎత్తుతున్నాను. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు' అన్నది ప్రభువు. చేతులకు మేకులు దిగి ఉన్న మనిషి ఏ తొట్టిలో మునిగాడు? ఎఫెసీ 2:8 చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. 'మీరు విశ్వాసము ద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు.' మీవలన కలిగినది కాదు, దేవుని వరమే అని వెంటనే రాసి ఉంది. నీళ్ళలోకి దిగడం మన పని. మన పనితో రక్షణ వచ్చేదైతే అది వరం ఎలా అవుతుంది?

నేను గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోనులో మహాసభలకు చిన్నప్పటి నుంచి వెళ్ళినవాణ్ణి. అక్కడి బోధకులు భక్తసింగ్ గారిని కళ్ళారా చూశాను. ఆయన కెనడాలో ప్రభువును నమ్మింది 1929లో, బాప్తిస్మం తీసుకుంది 1932లో. మధ్యలో ఆయన నాశనానికి పోయే మనిషేనా? నేను ఏ రోజు, ఏ కూటంలో, ఏ పాట పాడుతుండగా రక్షింపబడ్డానో నాకు తెలుసు. నీళ్ళలోకి దిగింది తర్వాత తొమ్మిది నెలలకు. ఆ తొమ్మిది నెలలూ నేను ఎవరి బిడ్డను?

వాక్యమే ఆధారం | రాత్రి 11:30

దొంగ చనిపోయింది క్రీస్తు తిరిగి లేవకముందు. 'బాప్తిస్మమియ్యుడి' అనే ఆజ్ఞ వచ్చింది లేచిన తర్వాత. వీలునామా రాసినవాడు బ్రతికుండగా ఎవరికి ఏది కావాలంటే అది ఇస్తాడు. పోయాక కాగితంలో ఉన్నదే చెల్లుతుంది. హెబ్రీ 9:16, 17 చూడండి. భక్తసింగ్ గారంటే నాకూ గౌరవమే, కానీ ఆయన జీవితం వాక్యం కాదు. మీ తొమ్మిది నెలలూ వాక్యం కాదు. 'నిమిత్తము' అన్న మాటకు జవాబు చెప్పండి.

నిశ్చయత | రాత్రి 11:38

అన్యుడైన శతాధిపతి కొర్నేలీ ఇంట్లో ఏమైంది? పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగాడు. నీళ్ళు తర్వాత వచ్చాయి. అపొస్తలుల కార్యములు 10:44 నుంచి 48. లోకస్థుల మీదికి దేవుడు తన ఆత్మను పంపాడా?

వాక్యమే ఆధారం | రాత్రి 11:44

కొర్నేలీకి కూడా పేతురు బాప్తిస్మం ఆజ్ఞాపించాడు. ఆజ్ఞ. సలహా కాదు. రిటైరయ్యాక చూసుకో అనలేదు.

సికింద్రాబాద్ టీచరమ్మ | సోమవారం ఉదయం 6:20

రాత్రంతా మీరిద్దరూ రాసింది ఇప్పుడే చదివాను. ఇద్దరూ 'రక్షణ' అనే మాటకు ఒకే అర్థం ఉందని అనుకుని కొట్లాడుకుంటున్నారు. చనిపోయాక పరలోకం గేటు దగ్గర చూపించే పాస్ లాంటిది అనుకుంటున్నారు. నేను లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర థియలాజికల్ కాలేజీలో చదువుకున్నప్పుడు మా సార్ ఒక పని చేయించారు. సువార్తల గ్రీకులో 'సోజో' అనే క్రియ ఎక్కడెక్కడ ఉందో వెతికి, మన తెలుగు బైబిల్లో పెన్సిల్‌తో గీత గీయమన్నారు. లూకా 7లో కన్నీళ్ళతో పాదాలు కడిగిన స్త్రీతో ప్రభువు 'నీ విశ్వాసము నిన్ను రక్షించెను' అన్నాడు. మార్కు 5లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో 'నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను' అన్నాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. మన అనువాదకులు ఒకచోట రక్షణ అన్నారు, ఒకచోట స్వస్థత అన్నారు. ఆ రోజు నా పెన్సిల్ గీతలు చూసి నేనే ఆగిపోయాను. అప్పటిదాకా నాకు రక్షణ అంటే ఆత్మకు సంబంధించింది, స్వస్థత అంటే ఒంటికి సంబంధించింది, అంతే.

పౌలు కూడా ఒక్క కాలంలో మాట్లాడలేదు. ఎఫెసీలో రక్షింపబడియున్నారు. 1 కొరింథీ 1:18లో రక్షింపబడుచున్న మనకు. రోమా 5:9లో రక్షింపబడుదుము. అయిపోయింది, అవుతోంది, అవుతుంది. తేదీ చెప్పగలగడం మంచిదే నిశ్చయత తమ్ముడూ, కానీ తేదీ లేనివాళ్ళు కూడా ఉంటారు. నాకు తేదీ లేదు. అమ్మ ఒళ్ళో కూర్చుని విన్న కీర్తనల్లోనే పెరిగాను. పసిబిడ్డప్పుడు చిలకరించారు, తర్వాత కన్ఫర్మేషన్ ఇచ్చారు.

సుంకరి జక్కయ్యను చూడండి. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. 'నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది' అన్నాడు ప్రభువు. ఈ యింటికి అన్నాడు. ఎవరెవరి చెమట దోచుకున్నాడో ఆ ఇళ్ళకు కూడా ఆ రోజు డబ్బు తిరిగి వెళ్ళింది. అది కూడా రక్షణే.

తార్నాక వాసి గారూ, మీరు అడిగిన రాయి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నా మటుకు నేను రాయించమంటాను.

వాక్యమే ఆధారం | ఉదయం 6:52

జక్కయ్య కూడా పునరుత్థానానికి ముందే సిస్టర్. రక్తస్రావం స్త్రీ కూడా ముందే. అందరూ పెంతెకొస్తుకు ముందువాళ్ళనే తెస్తున్నారు. పసిబిడ్డకు చిలకరించడం గురించి నేను ఇప్పుడు మాట్లాడను, అది వేరే గొడవ. 2:38లో 'నిమిత్తము' ఉందా, లేదా?

ఉప్పల్ నేస్తం | ఉదయం 8:15

నేను క్రైస్తవుణ్ణి కాదు, మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఇలాంటి గొడవే జరిగితే చదువుతున్నాను. రక్షణ అంటే మేం అనుకునే మోక్షం లాంటిదేనా?

సికింద్రాబాద్ టీచరమ్మ | ఉదయం 8:40

దగ్గరగా ఉంటుంది బాబూ, ఒకటి కాదు. మోక్షం అంటే పుట్టుక, చావు అనే చక్రం నుంచి విడుదల అంటారు కదా. ఇక్కడ రక్షణ అంటే విరిగిన సంబంధం కలవడం. తండ్రికీ బిడ్డకూ మధ్య. బిడ్డ బిడ్డగానే ఉంటాడు, తండ్రి తండ్రిగానే ఉంటాడు, మధ్యలో ఉన్న పాపం పోతుంది.

గన్‌ఫౌండ్రీ కథోలిక్ | మధ్యాహ్నం 1:10

నేను కథోలికుణ్ణి. మేం బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటాం. అది రక్షణకు అవసరం అని మా సభ కూడా గట్టిగానే చెబుతుంది, ఆ విషయంలో నేను వాక్యమే ఆధారం గారి పక్షమే. కానీ ఇదే ప్రశ్న 1,600 ఏళ్ళ కిందట ఒక బిషప్పు ముందుకు వచ్చింది. రోమా చక్రవర్తి రెండో వలెంటీనియన్ 392లో గాల్ దేశంలో చనిపోయాడు. పట్టుమని పాతికేళ్ళు కూడా లేవు. జ్ఞానస్నానం ఇవ్వడానికి రమ్మని మిలాను బిషప్పు అంబ్రోసుగారికి కబురు పంపాడు. ఆయన వచ్చేలోపే ప్రాణం పోయింది. చెల్లెళ్ళు ఏడుస్తున్నారు, స్నానం లేకుండా పోయాడని. అంబ్రోసుగారు అంత్యక్రియల ప్రసంగంలో వాళ్ళతో చెప్పింది ఏమిటంటే, అతను అడిగాడు, కోరుకున్నాడు, కాబట్టి పొందాడు అని. అప్పటి నుంచి మా సభలో దీన్ని కోరిక ద్వారా జ్ఞానస్నానం అంటారు. దేవుడు రక్షణను ఆ సంస్కారానికి ముడివేశాడు, తాను మాత్రం దానికి కట్టుబడిపోలేదు అని మా సత్యోపదేశ గ్రంథం చెబుతుంది.

ఇంకొకటి. కృప, విశ్వాసం, క్రియలు అని లూథర్ కాలం నుంచి మన రెండు వర్గాలూ ఒకరినొకరు శపించుకున్నాయి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కథోలికులు కలిసి సంతకం పెట్టారు. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్ల మాత్రమే, క్రీస్తునందలి విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడు అని. 2006లో మెథడిస్టులు కూడా కలిశారు. అంత పెద్ద గొడవే ఒక కొలిక్కి వచ్చింది. ఒక మనిషి సమాధి రాయి దగ్గర మనం ఆగిపోవాలా?

వాక్యమే ఆధారం | మధ్యాహ్నం 2:25

చక్రవర్తుల కథలు, సంతకాలు నాకొద్దు బ్రదర్. పైగా మీ కథ మీకే ఎదురు తిరుగుతుంది. ఆ కుర్రవాడు కబురు పంపాడు, దారి మధ్యలో చనిపోయాడు. ఈయన 22 ఏళ్ళు కబురే పంపలేదు. తొట్టి గుడిలోనే ఉంది, పాస్టరుగారు ఎదురుగానే ఉన్నారు.

ఒక మాట నేరుగా అడుగుతాను. ఆయన గవర్నమెంట్ ఉద్యోగి, అవునా? ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, అవునా? బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ పోయి, క్రైస్తవులైన ఎస్సీలను చేర్చే బీసీ-సీ అవుతాడు, ఉద్యోగానికి ఎసరు వస్తుంది. అందుకే తీసుకోలేదు. మన సంఘాల్లో సగంమంది సంగతి ఇదే, అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఆదివారం విశ్వాసి, ఆఫీసులో కాదు. 'మనుష్యులయెదుట నన్ను ఒప్పుకొనువాడెవడో' అని ప్రభువు అన్నాడు. కాగితం ముందు ఒప్పుకోనివాణ్ణి ఆయన ఒప్పుకుంటాడా? రాయి మీద అబద్ధం రాయించకండి.

మల్కాజిగిరి సిస్టర్ | మధ్యాహ్నం 2:40

అయ్యో, చనిపోయినవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదు బ్రదర్.

నాచారం యూత్ | మధ్యాహ్నం 2:58

ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా పుదుచ్చేరి కేసులో అదే చెప్పింది. రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడం అని.

తార్నాక వాసి | సాయంత్రం 6:35

ఆయన మా నాన్న.

తెలిసిన ఒకాయన అని రాశాను, పేరు చెప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చెబుతాను. మీరు ఊహించింది నిజమే. సర్టిఫికెట్ కోసమే తీసుకోలేదు. అటెండరుగా చేరారు, జూనియర్ అసిస్టెంట్ అయ్యారు. ఆ జీతం మీద ముగ్గురం చదువుకున్నాం, చెల్లి పెళ్ళయింది, మా తాత కంటి ఆపరేషన్ అయింది. 'రిటైరైన వారమే మునుగుతాను రా, కొత్త తెల్లచొక్కా కూడా కొనిపెట్టుకున్నాను' అనేవారు. చొక్కా బీరువాలో ఉంది, మడత విప్పలేదు. రిటైర్మెంట్‌కు ఏడు నెలలుంది.

చివరి రాత్రి ఐసీయూలో ఆక్సిజన్ మాస్క్ కింద పెదాలు కదులుతుంటే చెవి పెట్టి విన్నాను. 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు.' అక్కడ ఆగిపోయి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి. పచ్చిక దాకా వెళ్ళలేకపోయారు. మా మేనత్త స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చి పాస్టరుగారికి ఫోన్ చేసింది, వచ్చి నుదుటి మీద నాలుగు చుక్కలైనా వేయమని. ముంచితేనే బాప్తిస్మం, చిలకరింపు చెల్లదు అన్నారు. ఆ గ్లాసు తెల్లారేదాకా కిటికీ గట్టు మీదే ఉంది.

22 ఏళ్ళు ఆయన ఇచ్చిన కవర్లు చెల్లాయి. గుడికి సున్నం వేసినప్పుడు మేస్త్రీ కూలీ ఆయనే ఇచ్చారు, అదీ చెల్లింది. ఆయన మాత్రం చెల్లలేదు. కాగితం అంటున్నారు, ఆ కాగితం ఎవరు పుట్టించారు? మాల, మాదిగ అని ఊరు పిలిచేటప్పుడు ఏ మతం అని అడగదు. గుడికి వెళ్ళినా వెళ్ళకపోయినా మా వాడకు బావి వేరేగానే ఉండేది. ఎస్సీలు ఎవరో తేల్చే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం అడిగింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసింది, మాకు తీయలేదు. దేవుడు, పిల్లల చదువు, రెంటిలో ఒకటి ఎంచుకో అని సర్కారు మా నాన్నకు చెప్పింది. ఆయన రెండూ వదల్లేదు.

వాక్యమే ఆధారం గారూ, మీకు 'నిమిత్తము' కావాలి. మా నాన్న ఎవరి నిమిత్తం ఆగారో నాకు తెలుసు.

నిశ్చయత | సాయంత్రం 6:58

తమ్ముడూ, కళ్ళు చెమ్మగిల్లాయి. కుష్ఠు నయమైన సిరియా సేనాపతి నయమాను గుర్తొస్తున్నాడు. యెహోవాను నమ్మాక కూడా రాజుతో పాటు రిమ్మోను గుడిలో తల వంచాల్సి వస్తుంది, దీనికి నన్ను క్షమిస్తాడా అని ఎలీషాను అడిగాడు. ఉద్యోగం అలాంటిది. ఎలీషా తిట్టలేదు, 'నెమ్మదిగలిగి పొమ్ము' అన్నాడు.

వాక్యమే ఆధారం | రాత్రి 7:06

అదే నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగాడు.

నిశ్చయత | రాత్రి 7:09

మునిగింది కుష్ఠు కోసం, పాపక్షమాపణ కోసం కాదు. ఈ సమయంలో కూడా ఇదేనా బ్రదర్?

కూకట్‌పల్లి ఒంగోలు | రాత్రి 7:50

మాది ప్రకాశం జిల్లా, తాతల కాలం నుంచి బాప్టిస్టులం. వాక్యమే ఆధారం గారిని ఒకటి అడగాలి. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకు పని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. దొరగారు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు ముగిసేదాకా ఆగమన్నారు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్య మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు.

నా ప్రశ్న ఇది. దొరగారు ఆగమన్న ఆ నెలల్లో కరువుకు, కలరాకు పోయినవాళ్ళున్నారు కదా. నమ్మారు, అడిగారు, బోధకుడే ఆగమన్నాడు, ఈలోపు పోయారు. వాళ్ళు ఎక్కడున్నారు? మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ ఆ గుండ్లకమ్మలో దిగింది. ఆవిడ అక్క కాలువ గట్టున పోయింది. అక్కకు ఒక చోటు, చెల్లికి ఒక చోటా?

వాక్యమే ఆధారం | రాత్రి 8:31

ఆ దొరగారు ఆపకుండా ఉండాల్సింది. ఇథియోపీయుడైన నపుంసకుడు నీళ్ళు కనబడగానే 'నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి' అని అడిగాడు. ఫిలిప్పు ఆపలేదు. ఆపినవాళ్ళు లెక్క చెప్పుకోవాలి. ఆగి పోయినవాళ్ళను దేవుడు చూసుకుంటాడు, వాళ్ళ గురించి నేను తీర్పు చెప్పను.

కూకట్‌పల్లి ఒంగోలు | రాత్రి 8:34

వాళ్ళ గురించి తీర్పు చెప్పరు, ఈ తమ్ముడి తండ్రి గురించి చెబుతారు. అదెలా?

వాక్యమే ఆధారం | రాత్రి 8:36

వాళ్ళను ఒకరు ఆపారు. ఈయన తనను తానే ఆపుకున్నాడు. తేడా ఉంది.

సికింద్రాబాద్ టీచరమ్మ | రాత్రి 9:02

తేడా ఏమిటంటే, కాలువ గట్టున పోయినవాళ్ళ వల్ల మీకు పోయింది ఏమీ లేదు. ఈయన పేరు ఎత్తగానే మీ రాతే మారిపోతోంది. నిన్న రాత్రి ఎవరూ అడగకముందే 'రిటైరయ్యాక చూసుకో అనలేదు' అని రాశారు. అప్పటికి ఈ అబ్బాయి ఉద్యోగం సంగతే చెప్పలేదు. ఇందాకటి నుంచి నాకు అదే అర్థం కావడం లేదు. తండ్రి పోయిన పిల్లవాడి మీద ఈ కోపం దేనికి?

వాక్యమే ఆధారం | రాత్రి 10:47

చెబుతాను. వాదన కోసం చెప్పడం లేదు.

నేనూ మాదిగవాణ్ణే. 1996లో నాకు 21 ఏళ్ళు. మా ఊరి చెరువులో పొద్దున ఆరింటికి నన్ను ముంచారు, చలికాలం. తడి లుంగీతో గట్టెక్కుతుంటే మా నాయిన గట్టు మీద నిలబడి ఏడుస్తున్నాడు. సంతోషం అనుకున్నాను. 'నీ నౌకరీ ఆ నీళ్ళల్లనే పోయింది బిడ్డా' అన్నాడు. నేను బోధకులను అడిగాను, కాగితం మార్చుకోవాలా అని. అబద్ధంతో దేవుణ్ణి వెంబడించలేవు అన్నారు. వెళ్ళి బీసీ-సీ రాయించుకున్నాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

తర్వాత టీచర్ పోస్టులకు పరీక్ష రాశాను. లిస్టు గోడకు అంటించారు. ఎస్సీ కటాఫ్ కంటే నాకు నాలుగు మార్కులు ఎక్కువ. బీసీ-సీ అంటే నూటికి ఒకటి, అందులో నా పేరు లేదు. నాతో కలిసి చదివినవాడు, ఆదివారం నా పక్కన నిలబడి కంజర కొట్టినవాడు, బాప్తిస్మం వాయిదా వేసుకుని ఎస్సీ కాగితంతో చేరాడు. ఇప్పుడు హెడ్‌మాస్టరు. నేను దాదాపు 30 ఏళ్ళుగా ప్రైవేటు స్కూళ్ళల్లో చాక్‌పీసు పట్టుకుంటున్నాను. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు. నా పెద్దమ్మాయి ఇంజినీరింగ్ సీటు ఫీజు కట్టలేక వదిలేసి డిగ్రీలో చేరింది. ఆ రోజు నా మొహం చూడకుండా బ్యాగు సర్దుకుంది.

నేను ఒక్కసారి కూడా దేవుణ్ణి ఎందుకు అని అడగలేదు. కానీ మీరందరూ వచ్చి ఆ నీళ్ళు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అంటుంటే నేనేం చేయాలి? అవి లేకుండా కూడా అదే రక్షణ, అదే పరలోకం అయితే, మా నాయిన గట్టు మీద దేనికి ఏడ్చాడు? నా బిడ్డ సీటు దేనికి పోయింది? 'నిమిత్తము' అనే మాట నాకు వ్యాకరణం కాదు.

నిశ్చయత | రాత్రి 11:05

నీళ్ళు ఉన్నా లేకున్నా ఒకటే అని నేను అనలేదు అన్నా. రక్షణకు షరతు కాదు అన్నాను, అంతే. మీ కష్టం సంగతి నాకు తెలియదు.

సికింద్రాబాద్ టీచరమ్మ | రాత్రి 11:20

అలా అడిగినందుకు నన్ను మన్నించండి బ్రదర్. మత్తయి 20లో పొద్దున వచ్చినవాళ్ళకూ సాయంత్రం వచ్చినవాళ్ళకూ యజమాని ఒకే దేనారం కూలి ఇచ్చిన ద్రాక్షతోట కథను ఎన్నోసార్లు బోధించాను. ఎప్పుడూ సాయంత్రం ఐదింటికి వచ్చినవాడి వైపు నుంచే బోధించాను. పొద్దుటి నుంచి ఎండబాధ సహించినవాళ్ళను సణుగుడుగాళ్ళు అని తేలిగ్గా దాటేశాను. యజమాని వాళ్ళలో ఒకణ్ణి 'స్నేహితుడా' అని పిలిచాడు. ఎండ లేదని అనలేదు.

అయినా నా మాట మారదు. దేనారం యజమానిది. ఆయన ఆ పిల్లవాడి తండ్రికి ఇస్తే మీది తగ్గదు.

వాక్యమే ఆధారం | రాత్రి 11:31

తగ్గదని తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరుకోదు సిస్టర్.

తార్నాక వాసి | మంగళవారం ఉదయం 5:40

రాత్రి నిద్ర పట్టలేదు. అన్నా, మీది చదివాక మీ మీద కోపం పెట్టుకోలేకపోతున్నాను. నా సంగతీ చెప్పాలి. నేను 2016లో బాప్తిస్మం తీసుకున్నాను. నేనూ బీసీ-సీనే. నాకు అప్పటికే ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, సర్టిఫికెట్ అవసరం లేదు. అంటే నాకు ధైర్యం వచ్చింది నాన్న జీతంతో. నేను మునిగినప్పుడు తువ్వాలు పట్టుకుని తొట్టి పక్కన నిలబడింది ఆయనే. తల తుడుస్తూ 'నీకు కుదిరింది రా' అన్నారు. ఇంకేమీ అనలేదు.

మీ అమ్మాయికి దొరకాల్సింది మాకు దొరికిందా అని రాత్రంతా అనిపించింది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నాన్నకు రక్షణ లేదని మాత్రం నేను ఒప్పుకోను. గురువారం రాయి చెక్కే ఆయనకు మాటలు ఇవ్వాలి. రాయించాల్సిందే అంటున్నది అమ్మ. వద్దంటున్నది బాబాయి, ఆయన అదే సంఘంలో పెద్ద.

నాచారం యూత్ | ఉదయం 7:15

నిన్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. సారీ అన్నా.

వాక్యమే ఆధారం | ఉదయం 7:48

తమ్ముడూ, 2:38 మీద నా మాట మారదు. నేను పాస్టరునైతే తొట్టిలోకి దిగని మనిషిని దిగాడని సంఘం ముందు చెప్పను. 'ప్రభువునందు నిద్రించెను' అని రాయించమని నా నోటితో అనలేను. కానీ మీ నాన్నగారు చివరిదాకా చెప్పుకున్న మాట ఉంది కదా, 23వ కీర్తన మొదటి వచనం. అది ఆయన నోటి మాటే. అది రాయించండి. దాన్ని మీ బాబాయి కాదనలేరు, నేనూ కాదనను.

ఫోన్ చేసినప్పుడు ఆ పాస్టరుగారు ఆస్పత్రికి రావాల్సింది. బాప్తిస్మం ఇవ్వకపోయినా వచ్చి చేయి పట్టుకోవాల్సింది.

రామంతాపూర్ విశ్వాసి | ఉదయం 9:30

మత్తయి 7:21 చదవండి అందరూ. 'ప్రభువా, ప్రభువా' అని పిలిచే ప్రతివాడూ పరలోకరాజ్యంలో ప్రవేశించడు అని ఉంది.

తార్నాక వాసి | గురువారం రాత్రి 8:10

రాయి దగ్గరికి వెళ్ళొచ్చాను. అమ్మ కూడా వచ్చింది. పైన 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అని, కింద పేరు, పుట్టిన తేదీ. దాని కింద 'ప్రభువునందు నిద్రించెను', తేదీ. బాబాయి రాలేదు. అక్షరానికి ఇంత అని లెక్క, రెండు లైన్లు ఎందుకు, ఒకటి తీసేస్తే తగ్గుతుంది అన్నాడు చెక్కే ఆయన. అమ్మ కొంగు ముడి విప్పి డబ్బులు తీసి లెక్కపెట్టింది. వచ్చే నెల మొదటి శనివారం ఊళ్ళో నిలబెడుతున్నాం. బోధకులు ఎవరూ రావడం లేదు, మేమే పాట పాడుకుని ప్రార్థన చేసుకుంటాం. వాక్యమే ఆధారం అన్నా, మీరు నల్గొండ వైపు వస్తే చెప్పండి.